పస్తుంచి మందు పోశారు

నా పేరూ చిరునామా ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన ఫిర్యాదులో ఉన్నాయి. తప్పుల్లేకుండా రాశారు. తప్పుల్లేకుండా రాసినవి ఆ రెండే. వయసు యాభై రెండు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. కార్మికుల మాసపత్రికకు వ్యాసాలు రాస్తాను. ఇన్‌స్పెక్టర్ గారు అడిగినందుకు, నా ఇష్టపూర్వకంగా చెబుతున్నాను.

మూడో అంతస్తులో పదకొండో మంచం మీద ఉన్నది నా చెల్లెలు. బట్టలు కుట్టేది. రెండేళ్ళుగా తన చర్మం గట్టిపడుతోంది. ముందు వేళ్ళు, తర్వాత ముంజేతులు, ఇప్పుడు నోటి చుట్టూ. సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. చర్మం డాక్టరు ఒక పొడి మందు రాశాడు. రోజుకు నాలుగు సార్లు, పొట్లం చల్లటి నీళ్ళలో కలిపి, తిండితో పాటు తాగాలి. ఏడు నెలలు ఇంట్లో నేనే కలిపి ఇచ్చాను. ఏ ఇబ్బందీ రాలేదు.

మొదటి రోజే ఆ డాక్టరు రెండు మాటలు చెప్పాడు. తిండి తినలేని రోజు, కారణం ఏదైనా సరే, ఈ మందు ఆపాలి. లేకపోతే ఒంట్లో చక్కెర పడిపోవచ్చు. ఇన్ఫెక్షన్‌కి ఎవరైనా సల్ఫా రకం మందు రాస్తే, ఈ మందు వాడుతున్నామని ముందే చెప్పాలి. మందు పెట్టెలోని కాగితం మీదా ఇదే ఉంది, చీమ తలంత అక్షరాల్లో. చదవడం నా వృత్తి కాబట్టి చదివాను.

చెల్లికి తిండి మింగడం కష్టమవుతోందని, కడుపులోకి కెమెరా పంపే పరీక్ష కోసం ఆదివారం చేర్చుకున్నారు. సోమవారం ఉదయం ఆరు నుంచి ఏమీ పెట్టొద్దన్నారు. పరీక్ష తొమ్మిదికి అన్నారు. తర్వాత పన్నెండుకి అన్నారు. తర్వాత రేపు అన్నారు. నేను పని చూసుకుని వార్డుకు చేరేసరికి పన్నెండు నలభై. చెల్లికి తొడిగిన ఆస్పత్రి చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. చేతులు వణుకుతున్నాయి. నన్ను గుర్తుపట్టక, కొలతలు ఇవ్వడానికి వచ్చారా అని అడిగింది. నర్సును లాక్కొచ్చాను. వేలికి గుచ్చి చూస్తే చక్కెర బాగా పడిపోయింది. గ్లూకోజు ఎక్కించారు, తేరుకుంది.

అప్పుడు చార్టు చూశాను. ఎనిమిదికి మందు ఇచ్చినట్టు టిక్కు. పన్నెండుకి మరో టిక్కు. మంచం తల వైపు 'ఏమీ పెట్టరాదు' అన్న బోర్డు. కాళ్ళ వైపు 'తిండితో పాటు, నాలుగు సార్లు' అన్న చార్టు. ఆ రెండిటి మధ్య దూరం ఒక మనిషి పొడవు. ఆ మనిషి నా చెల్లెలు.

ఇన్‌ఛార్జి నర్సుకు చెప్పాను. డ్యూటీ డాక్టరుకు చెప్పాను. చార్టులో ఒక్క వాక్యం రాయమన్నాను: తిననప్పుడు ఇవ్వవద్దు అని. రాసిన డాక్టరే మార్చాలన్నారు. ఆయన సెలవులో ఉన్నాడు. నీళ్ళు కూడా తాగకూడదన్న మనిషికి గ్లాసెడు మందు ఎలా పోశారని అడిగాను.

"మందు నీళ్ళు నీళ్ళ కింద లెక్క కాదమ్మా," అంది ఇన్‌ఛార్జి నర్సు.

రోగులు మందులు సరిగ్గా వాడరని ఆస్పత్రులు గోడల నిండా పోస్టర్లు అంటిస్తాయి. ఆ పోస్టరు కిందే ఇదంతా జరిగింది. చదువు రాని వాళ్ళను తిట్టడానికి ఉన్న ఓపిక, చదువుకున్న వాళ్ళకు చార్టు చదవడానికి ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు. దీనికి కేసుతో సంబంధం లేదని ఇన్‌స్పెక్టర్ గారు అన్నారు. ఉందని నేను అన్నాను. రాయించాను.

ఈ రోజు మంగళవారం. మళ్ళీ ఆరు నుంచి పస్తు. ఎనిమిదికి నర్సు గ్లాసు తెచ్చింది. వద్దన్నాను. చార్టు ప్రకారం అంది.

చెల్లి గ్లాసు అందుకోబోయింది. "తాగేస్తాలే అక్కా, పాపం వాళ్ళతో గొడవెందుకు," అంది. తన భయమంతా నాకు చెడ్డపేరు వస్తుందని.

గ్లాసు తీసుకుని సింకులో పారబోశాను. బల్ల మీదున్న పొట్లాలు నా సంచిలో వేసుకున్నాను. నర్సును తోయలేదు. తిట్టాను, అది నిజం. గార్డు వచ్చి నన్ను బయటికి పంపాడు. విధులకు అడ్డుపడ్డానని ఫిర్యాదు ఇచ్చారు. అడ్డుపడ్డాను. ఒప్పుకుంటున్నాను. ఈ మందు మంచిదే. రేపు చెల్లి తిన్నాక నేనే కలిపి ఇస్తాను.

ఇంతవరకూ రాశాక, నా పోరు పడలేక ఇన్‌స్పెక్టర్ గారు వార్డుకు ఫోను చేశారు. స్పీకరులో పెట్టారు కాబట్టి నేనూ విన్నాను. పరీక్ష సాయంత్రానికి మారిందట, అప్పటిదాకా పస్తేనట.

"మందు గురించి కంగారు పడకండి సార్," అంది ఇన్‌ఛార్జి నర్సు. "ఫార్మసీ నుంచి కొత్త పొట్లాలు తెప్పించాం. పన్నెండుకి టైముకి ఇచ్చేస్తాం."

ఇన్‌స్పెక్టర్ గారు టోపీ పెట్టుకుంటున్నారు. తనూ వచ్చి చార్టు చూస్తారట. జీపు డ్రైవరు టీకి వెళ్ళాడట. నేను ఆగను. నడిస్తే పన్నెండు నిమిషాలు.

పైన రాసినదంతా నేను చెప్పిందే, చదువుకున్నాను, నిజం. సంతకం చేశాను. టైము పదకొండు నలభై ఆరు.