గేరు పక్క రాడ్డు

ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేయాలనుకున్న బండిని వనజ క్యాంపస్ రోడ్డు మీద నడుపుతోంది. రెండేళ్ల కిందట దాన్ని అమ్మిన తార్నాక షోరూం పరశురాం పక్క సీట్లో ఉన్నాడు. భర్త భూపాల్ పోయినప్పటి నుంచి ఆ సీట్లో ఆమె ఎవరినీ కూర్చోనివ్వలేదు.

“మళ్ల చెప్పు. ముందు చక్రాలు గుంజేది ఏది, వెనక చక్రాలు తోసేది ఏది?”

“చిన్న కార్లు దాదాపు అన్నీ ముందు చక్రాలతోనే నడుస్తయి మేడం. ఇంజన్ బరువు వాటి మీదనే ఉంటది, వానల పట్టు బాగుంటది. ఇసొంటి పెద్ద బండ్లను వెనక చక్రాలు తోస్తయి. బరువు వేసినా, ఘాట్ ఎక్కినా మంచిగుంటది. బురదలనే పరేషాన్.”

“నాలుగు చక్రాలూ గుంజేది?”

“రెండు జారినా మిగతా రెండు గుంజుతయి. కానీ మీకెందుకు మేడం? తార్నాకల ఇల్లు, క్యాంపస్‌ల క్లాసు. ముందు చక్రాల ఆటోమేటిక్ తీస్కోండ్రి, హాయిగ...”

“ఇదే మాట నేను ఆయనతోని అన్న. నీ ముందట్నే. ‘హబ్సిగూడ సిగ్నల్ కాడ దున్నుతవా, నాలుగు చక్రాలు దేనికి’ అని నవ్విన. నువ్వు గూడ నవ్వినవ్.”

“నవ్విన మేడం.”

“ఆయన నవ్వలే.”

“క్లచ్ జర గట్టిగున్నదా మేడం? సర్వీసింగ్ ఎప్పుడు...”

“పరశురాం, ఒక్కటి నిజం చెప్పు. ఆయన పోయిన నాడు, చేన్ల దిగబడ్డం. నల్లరేగడి. ఎక్కువ కాదు, మడిమెలు మునిగేంత. ఆడి నుంచి చూస్తే తారురోడ్డు కనిపిస్తనే ఉన్నది. ఆయనకు ఛాతీల నొప్పి. స్టీరింగ్ నేను పట్టిన. వెనక చక్రాలు తిరుగుతనే ఉన్నయి, బండి జరుగది. నలభై నిమిషాలు. అదే నాలుగు చక్రాలదైతే బయటపడేదా?”

“అట్లెట్ల చెప్తం మేడం. నల్లరేగడి అంటే ట్రాక్టర్లే దిగబడతయి...”

“మడిమెలంత అన్న.”

“అన్నరు.”

“ఇరవై ఏండ్ల సంది సైకాలజీ చెప్తున్న. ఎక్కినప్పటి నుంచి చూస్తున్న, నువ్వు టైర్లు చూసినవ్, అద్దాలు చూసినవ్, ఈ గేరు దిక్కు మాత్రం చూస్తలేవు. ఏంది?”

“బండి పక్కకు ఆపుండ్రి మేడం.”

“ఆపిన. చెప్పు.”

“మీరు నవ్విన రోజు, షోరూం నుంచి పోయినంక సార్ ఫోన్ చేసిండు. ‘ఆర్డర్ల నాలుగు చక్రాలదే రాయి, మేడంకు చెప్పకు, మళ్ల నవ్వుతది’ అన్నడు. వెనక అంటించిన ‘4x4’ అక్షరాలు గూడ పీకించిండు.”

“నాలుగు... ఇదా? ఈ బండా?”

“డెలివరీ నాడు పదినిమిషాలు కూసోండ్రి, అన్నీ చూపిస్త అన్న. రాహుకాలం వస్తున్నది, జల్ది నిమ్మకాయలు తొక్కించు అన్నరు మీరు. సార్ నా దిక్కు చూసి కన్ను కొట్టిండు. నేను ఊకున్న.”

“ఏం చూపిస్తనన్నవ్?”

“గేరు పక్కన... ఆ చిన్న రాడ్డు.”

“ఇదేందని ఆయనను అడిగితే, ‘నీకు అక్కర లేనిది’ అన్నడు.”

“వెనక్కి గుంజితే ముందు చక్రాలు గూడ కలుస్తయి మేడం.”

“ఆయనకు మాట రాలే ఆ నాడు బురదల. చెయ్యి మాటిమాటికి ఇటే చాపుతుండె.”

“మేడం...”

“పట్టుకోమంటున్నడు అనుకున్న. పట్టుకున్న. ఇడిపించుకుంటుండె. భయపడుతున్నడని ఇంకా గట్టిగ పట్టుకున్న.”

“మీరు ఇటు రాండ్రి మేడం. నేను నడుపుత, పోదాం.”

“క్లచ్ తొక్కాల్నా?”

“మేడం, ఇప్పుడెందుకు...”

“తొక్కాల్నా?”

“తొక్కాలె.”

“గుంజిన. గింతేనా, పరశురాం?”