గోడమీది చెంబులు

పక్కింట్లో పాలు పిండని ఆవు అరుపు ఎంతకీ ఆగకపోయేసరికి రెడ్డెమ్మ కాఫీ గ్లాసు పక్కన పెట్టి లేచింది. తలుపు తోసుకుని వెళ్తే, తనలాగే ఒంటిగా ఉండే గంగులమ్మ మంచం పక్కన నేలమీద పడి ఉంది.

"ఎప్పుడు పడితివక్కా?"

"తెల్లారుజామున. కాలు కదల్లేదు."

"నీ చెంబు మన నడిమి గోడమీద ఉండాదే! లేస్తానే చెంబు బోర్లించాల, కనపడకుంటే రెండో మనిషి వచ్చి సూడాల అనే కదా మన మాట? అది సూసే నింపాదిగా కాఫీ తాగితిని."

"అది రాత్రే పెట్టినా."

"యాల?"

"పొద్దున్నే మోకాళ్లు లేయనీవు. చెంబు లేటయితే కుప్పంలో కాపరముండే మా పాపకు ఫోన్ చేస్తావు. ఆమె నన్ను ఆడికి పిల్సుకోని పోతాది."

"ఆవు అరవకపోయింటే?"

గంగులమ్మ మంచం కోడు పట్టుకుని లేవబోయింది.

"కదలొద్దు. పుంగనూరు ఆస్పత్రికి ఆటో పిలుస్తా."

"పాపకు మాత్రం చెప్పొద్దు రెడ్డెమ్మా. ఇంక నేనూ నీ మాదిరే లేసినాకే పెడతా. నీ చెంబు ఒక్కనాడూ తప్పలేదు. దాన్ని సూసుకునే నాకు ధైర్యం."

రెడ్డెమ్మ ఫోను దించి ఆమె పక్కన నేలమీద కూర్చుంది.

"నేనూ ఉగాది నుంచి రాత్రే పెడతాండానక్కా."