రెండు రెక్కలు

షెడ్డులో బావా బావమరుదులైన ఇద్దరు మెకానిక్కులు చిన్న విమానం రెక్కల మీది స్క్రూలు విప్పుతున్నారు.

“బావా, ఈ ఎడమ రెక్క చూడు. పదిహేనేళ్ళయినా అల్యూమినియం రేకు నిగనిగలాడుతోంది.”

“అది మీ నాన్న బిగించింది. ఒక్కో ఉక్కు స్క్రూనీ ప్రైమర్ రంగులో ముంచి, తడి ఆరకముందే బిగించేవాడు.”

“స్క్రూలకి స్నానాలేంటని నవ్వేవాళ్ళం.”

“‘ఉక్కూ అల్యూమినియమూ తోడికోడళ్ళురా, చెమ్మ తగిలితే చాలు, కాపురం కూలుతుంది. మధ్యన తెర ఉండాలి’ అనేవాడు.”

“మరి కుడి రెక్కేంటి, స్క్రూల చుట్టూ ఇంత తెల్లపొడి? గోరు తగిలితే రేకు రాలుతోంది.”

“అది నేను పొడిగా బిగించింది. మామయ్యకి వారం పట్టిన పని ఒక్క పూటలో ముగించాను.”

“ఆ తేడా చూసే కదా యజమాని నాన్నని మాన్పించాడు.”

“చూపించింది నేనే.”

“తెలుసు. నాన్నకీ తెలుసు.”

“ఒక్కనాడూ అనలేదే.”

“కూతురి కాపురం కదా బావా. యజమానికి ఇప్పుడేం చెబుతావు?”

“ఏ రెక్క ఎవరిదో చెబుతా. పని పోతే పోనీ. ముందు మామయ్యని తీసుకురా, ఎడమ రెక్క చూస్తాడు.”

“కుడిదీ చూస్తాడు. ఊరుకోడు.”

“తిట్టనీ. ఆయన చేత తిట్లు తిని ఎన్నాళ్ళయిందో.”