వాకిట్ల మొగోని చెప్పులు

"అవ్వా, మీ ఇంట్ల మొగోళ్ళు ఎవలు లేరు గద, మరి వాకిట్ల ఆ చెప్పులు ఎవలియి?"

అవా? మా కొడుకువి. వాడు దుబాయ్‌ల ఉన్నడు, చెప్పులు గీడ కావలి కాస్తున్నయి. నవ్వకు బిడ్డా. నువ్వు మొన్ననే గీ ఎనక ఇంట్లకు కిరాయికొచ్చినవు, నీ పెనిమిటి గూడ మస్కట్ పోయిండంటివి. నీకు తెల్వాలె గిసొంటియి.

మాది ఎల్లారెడ్డి అవతల ఊరు. ఆడ గోడకు గోడ ఆనుకొని ఇండ్లు. నేను తుమ్మితే పక్కింటామె పలికేది. పొద్దంత తలుపు తెరిచే ఉండేది, అరుగు మీద కూసొని అందరం బీడీలు చుట్టేది. అప్పుడు ఎల్లారెడ్డికెళ్ళి కామారెడ్డికి బస్సు టికెట్ మూడు రూపాయలో నాలుగో... యాదికి లేదు తీయి. ఏం చెప్తున్న? ఆ, కొడుకు. వాడు దుబాయ్ పోయి సంపాయించి గీడ కామారెడ్డి చివర్ల జాగ కొన్నడు, ఇల్లు కట్టిండు. నాలుగు దిక్కుల చూడు, అన్ని హద్దురాళ్ళు, సర్కారు తుమ్మలు. ఇల్లు గీడొకటి ఆడొకటి. ప్లాట్లమ్మినోళ్ళు రోడ్డు కాడ తొవ్వ మీద కమాన్ మాత్రం పెద్దగ కట్టిండ్రు. లోపటికి ఒక్క లైటు పెట్టలే.

చెప్పులు పెట్టింది మా కోడలు లావణ్య. వాని అంగీ గూడ ఒకటి తడిపి తీగె మీద ఆరేస్తది. చూసినోడు ఇంట్ల మొగోడున్నడు అనుకోవాలె గద. ఎవలన్న వచ్చి పిలిస్తే, మావోడు లోపట పండుకున్నడు అని నేనంట. అట్ల నడుస్తుండె.

చలి షురూ అయినప్పుడు ఒకనాడు పగటీలి నేను బియ్యం ఏరుతున్న. ఒకడొచ్చిండు. పక్క ప్లాటు కొలవనీకొచ్చిన అన్నడు, నీళ్ళడిగిండు, ఇచ్చిన. "మీ కొడుకు లేడా అవ్వా?" అన్నడు. "పండుకున్నడు, రాత్రి డ్యూటీ" అన్న. వాడు నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి, చెప్పుల దిక్కు చూసిండు. "ఎండకు పగిలిపోయినయి గదనే. ఎవలు తొడగక శాన రోజులాయె" అన్నడు.

గంతే. పోయిండు. వాడు ఊకెనే అన్నడో, మనసుల ఏం పెట్టుకొని అన్నడో నాకు తెల్వది. తలుపేసుకొని కూసున్న, బియ్యం ఎండల్నే ఉన్నయి.

లావణ్యకు చెప్పలే. చెప్తే ఫోన్ల కొడుక్కు తెలుస్తది, వాడు "ఇల్లు తాళమేసి ఊరికి పోండ్రి" అంటడు. దాని కొలువు పోతది. బట్టల దుకాణంల చేస్తది, ఆ పనంటే దానికి పానం. పొద్దున జడేసుకొని పోతుంటే దాని మొకంల కళ చూడాలె నువ్వు. గది నా చేతులతోని ఎట్ల ఆపుత?

గని ఇంట్ల మొగోడు లేడని ఒకనికి ఎరుకైనంక, అది ఒక్కతి చీకట్ల ఎట్ల వస్తది? మర్నాడు పొద్దుగూకంగ నేనే ఎదురుపోయిన. ఆటో కమాన్ కాడ దింపుతది, ఆడికెళ్ళి తుమ్మల నడుమ నడవాలె. సగం తొవ్వ పోయిన. మనిషి కనపడతలేదు, మాట మాత్రం గట్టిగ వినపడుతుంది. "ఆ, వచ్చేసిన. గేటు కాడనే ఉన్నవా? తమ్ముడు గూడ ఉన్నడా? టార్చి పట్టుకొని ఎదురు రాండ్రి" అంటుంది. ఫోన్ చెవికి పెట్టుకుంది. నాకు మస్తు సంబురమైంది. కొడుకు చెప్పకుంట వచ్చిండనుకున్న. "మావోడేనా బిడ్డా?" అని ఉరికిన. అది నన్ను చూసి టక్కున ఆగింది. నా చెయ్యి పట్టుకుంది.

ఇంటికొచ్చినంక ఫోన్ తీసుకొని చూస్తే బంద్ ఉంది. "చార్జింగు పగటీల్నే అయిపోయింది అత్తమ్మా" అన్నది.

"మరి ఎవలతోని మాట్లాడినవే?"

"ఎవలతోని లేదు. ఆటో దిగినకాన్నుంచి రోజు గట్లనే మాట్లాడుకుంట వస్త. ఎనక బండి సప్పుడైతే ఇంకింత గట్టిగ మాట్లాడుత. నువ్వు పరేషానైతవని చెప్పలే."

నాకు ఏడుపాగలే. ఆ ప్లాటు కొలిచేటోని ముచ్చట గూడ అప్పుడే చెప్పిన. అది విని కొలువు మానుత అనలే. "నువ్వు కమాన్ దాక రా అత్తమ్మా" అన్నది, అంతే. ఇప్పుడు రోజు పోత. నా మోకాళ్ళు చూస్తున్నవు గద, ఎవడన్న అడ్డమొస్తే నేనేం జేస్త? భయం పోయిందా అంటే పోలే బిడ్డా.

నువ్వు గూడ కుట్టు మిషన్ నేర్వనీకి పోతనంటివి. పో, నేను వద్దన. చల్లగుండు. నీకొక ఆడపిల్ల పుట్టాలె. అది పెద్దగై, కొలువు జేసి, పొద్దుగూకినంక గీ తొవ్వెంటనే రావాలె. నోట్లె మాట లేకుంట, ఊకె, తన పాటికి తాను నడుసుకుంట ఇంటికి రావాలె...