కనుమ మీద సగం రొట్టె

హలో… ఆ, నేనే. టపా మోసే ఈరప్పనే… ఆ, కడప పోస్టాఫీసే. ఎవురమ్మా మీరు?… కర్నూలు ఆస్పత్రి నర్సమ్మా!… ఓబన్న మాట్లాడతాడా? ఇయ్యి తల్లీ, ఇయ్యి!

…

ఓబన్నా! నేనప్పా!… అరవకపోతే యెట్ల, కర్నూలు దాకా వినపడల్ల గదా… తీగె ఉండాదా? ఉంటే మాత్రం, ఎంత సన్నంగా ఉండాదో చూసినావా పాపం… సరే సరే, మెల్లగా మాట్లాడతాలే.

మన పోస్టుమాస్టరు సుందరమయ్య పిలిచి, "ఈరప్పా, నీకు ట్రంకు కాలు వచ్చిందిరా" అనె. ట్రంకుపెట్టెకు కాళ్ళు రావడం యెప్పుడూ వినలేదే అయ్యా, అంటి… నవ్వలేదా నువ్వు?… పోనీలే. ఆయనా నవ్వల్యా.

భయపడితినప్పా. నువ్వు టపా కట్టేసినావేమోనని… మరి! రోజూ కట్టేది అదే గదా మనం… ఆ, ఇప్పుడు నవ్వినావు. ఈ నవ్వు కోసమే ఇన్నాళ్ళూ మొగం వాచిపోయి ఉండా.

మీ జీవమ్మక్క బాగుండాదా?… ఆమె అదే ఆస్పత్రిలో ఆయాగా ఉండడం మంచిదాయె. అక్క చేతి గంజి అంటే మందు కన్నా మేలు… కుర్చీలో కూర్చోబెట్టి తోసుకొచ్చిరా? కుర్చీకి చక్రాలా! రాజా మాదిరి ఉండావే!… ముల్లు దిగిన పుండు మానిందా? ఇంతే తుమ్మముల్లు గదప్పా అది…

తర్వాత చెప్తావా? సరే. అయితే ముందు నా సంగతి విను.

ముందు యెట్లుండె మన పని? నేను కడప సంచితో, నువ్వు రాయచోటి సంచితో, ఇద్దరి చేతిలోనూ గంటలు కట్టిన టపా ఈటె… గువ్వలచెరువు కనుమ మీద ఎర్రబండ కాడ సంచులు మార్చుకొని, నాలుగు మాటలాడుకొని, ఎవురి దోవన వాళ్ళు యెనక్కి. ఇప్పుడు నీ సగమూ నాదే. ఒకరోజు రాయచోటి దాకా, మర్నాడు కడప దాకా. మళ్ళీ మర్నాడు రాయచోటి… అవే మైళ్ళేనప్పా, ఒక్కటీ పెరగల్యా. అయినా పెరిగినట్లే ఉండాది.

బస్సా? పెట్రోలంతా యుద్ధానికి పాయె గదా. బొగ్గుబస్సు కనుమ మొదట్లోనే నిలబడి బుస్సుమంటాది. దాన్ని బస్సు అనేదానికన్నా బుస్సు అనేది మేలు.

ఆఁ… సుందరమయ్య ఒకటి చెప్పెనప్పా. సీమలో, మన సీమ కాదు, దొరల సీమలో, ఇట్లనే ఇరవయ్యారు మైళ్ళు పరిగెత్తే పందెం ఉండాదంట. పేరు మారతాన్ అంట… నేనూ అదే అంటి! "మారతాను అంటే సరిపాయెనా అయ్యా, సంచి మారేదానికి అవతల మనిషి ఉండల్ల గదా!" అంటి…

గెలిచినోనికి పూలదండంట. ఓడినోన్ని గూడ నీళ్ళిచ్చి పండబెడతారంట. మరి మర్నాడు యెవురు పరిగెత్తుతారయ్యా, అని అడిగితి. మర్నాడు ఉండదురా, అనె. చూడు ఓబన్నా! మర్నాడు లేని పరుగంట! మనకుండేదే మర్నాడు.

…

నీ పేరు మీదనే గదప్పా పరిగెత్తుతాండేది. పరుగు నాది, పరువు నీది. ఆడ రాయచోటి పోస్టు అయ్యవారు, ఈడ సుందరమయ్య, ఇద్దరూ కండ్లు మూసుకోనుండారు. ఉత్తరం ఆలస్యమెందుకాయె అని ఎవురన్నా అడిగితే యుద్ధం అంటాండారు…

కానీ రేపు ఇనస్పెక్టరు వస్తాండాడు. నువ్వు యెప్పుడు పనిలోకి వస్తావో ఈరోజే తేల్చి చెప్పల్లంట. లేకుంటే నీ జాగాలో పుల్లయ్య అని ఎవురినో వేస్తారంట. అందుకే అడుగుతాండా. పున్నమికి వస్తావా?… పోనీ, అమావాస్యకు? అమావాస్య అంటే చెప్పేస్తా. ఇనస్పెక్టరు కాళ్ళు పట్టుకోనైనా…

యేమి?

…మళ్ళీ చెప్పు.

…

కాలు యాడి దాకా తీసిరి?

…

మోకాలు కిందికి.

…

ఉండానప్పా. ఈడే ఉండా… ల్యా, పోలేదు, ఉండా.

…

ట్రంకు కాలు అని ఎకసెక్కెమాడితినే నీతో… నా నోరు పడిపోను… నువ్వు నవ్వొద్దు. దానికి నవ్వొద్దు ఓబన్నా.

నొప్పి ఉండాదా?… లేని పాదం యెట్ల దురద పెడతాదప్పా?… గోక్కునేదానికి చూస్తే దుప్పటి తగులుతాందా…

…

నీకొకటి చెప్పల్ల. నువ్వు పోయిన మొదటిరోజు, బండ కాడికి పోతి. ఆహా, ఈరోజు నేనే ముందు వస్తి అనుకొంటి. ముందొచ్చినోడు సగం రొట్టె రాయి కింద పెట్టేది మన వాడుక గదా, తుంచి పెడితి. పెట్టి, చెవి ఆ పక్కకు పెట్టి కూర్చుంటి, కింద మలుపులో నీ ఈటె గంటలు వినపడతాయని… శానాసేపు. నువ్వు కర్నూల్లో ఉండావని తర్వాత గుర్తొచ్చె.

మర్నాడు తిరిగొస్తాంటే నా రొట్టె నాకే ఎదురొచ్చె. చీమలు పట్టిండె… చీమలన్నా అదృష్టవంతులప్పా, ఒంటరి చీమను యెప్పుడన్నా చూసినావా?

…ఆ. పెడతాండా. ఇప్పుటికీ పెడతాండా. తిట్టొద్దు.

నోరు ఊరుకోదు గదా నాకు, కొండకే మాటలు చెప్తాండా. నేనన్నది నాకే తిరిగి చెప్తాది, అంతే. నవ్వదు. నువ్వైతే పాత మాటకైనా కొత్తగా నవ్వుతావు.

…

వద్దా?… ఇంగ చాలంటావా… అట్ల కాదప్పా, నీ పని నిలబడితే, ఎప్పుటికన్నా…

…

ఊఁ.

…రానియ్యమంటావా పుల్లయ్యను. నువ్వే అంటాండావా ఆ మాట?

…

నువ్వేం చేస్తావు మరి?… ఆస్పత్రి గేటు కాడ పనా? కూర్చొని చేసేదా?… మంచిదే. మంచిదేలేప్పా. మనిద్దరిలో ఒకడన్నా కూర్చుంటాడు.

ఎవురూ? యేమమ్మా?… టైమయిపాయెనా! ఒక్క గంట తల్లీ… అయ్యో, ఆ గంట కాదమ్మా, ఈటెకుండే గంట! ఒక్కటి వినిపించి పెట్టేస్తా!

ఓబన్నా, ఉండావా? ఈటె ఈడే గోడకు ఉండాది. విను…

…వినపడెనా?… మళ్ళీనా? ఇదిగో…

నువ్వూ కొట్టప్పా. గంటలు లేకుంటే యేమి, కుర్చీ కమ్మీ మీద గరిటెతో కొట్టు. నర్సమ్మ తిడితే తిట్టనీ…

…

ఆ. వచ్చె. వచ్చెనప్పా. సన్నంగా… కింద మలుపు కాడ ఉండావు నువ్వు. ఇంగొక్కసారి కొ—

హలో?… హలో… ఓబన్నా?

…

కట్టయిపాయె అయ్యా… ల్యా. రాడు.

ఆ పుల్లయ్యకే కబురు పెట్టండి… ఈరోజుకు నేనే పోతాలే, సంచి ఇట్లియ్యండి. ఈ ఫోను యెట్ల పెట్టల్ల?… ఇట్లనా… అయ్యా, వానికి ఇంకొక మాట గూడ చెప్పి పంపండి. ముందొచ్చినోడు సగం రొట్టె రాయి కింద పెట్టల్లని.