పలకని అక్షరం

ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవు దగ్గర పుస్తకాల షాపు యజమాని మధ్యాహ్న భోజనానికి వెళ్ళాడు. లోపల మిగిలింది ఇద్దరే: సంతకాలు చేస్తున్న నవలా రచయిత, వరుసలో ఆఖరున నిలబడిన ఒక పాఠకురాలు.

“ఎవరి పేరు రాయమంటారు, మదామ్?”

“రెనే. మీ నవల్లో అమ్మాయి పేరే. మా చెల్లెలిది కూడా.”

“మంచి పేరు. మళ్ళీ పుట్టినది అని అర్థం. అందుకే మా రచయితలకు ముద్దు. మొదటి అధ్యాయంలో చంపేసినా, ఆ పేరు చూసి చివర్లో తిరిగొస్తుందని పాఠకులు ఆశపడతారు.”

“మేమూ పదకొండేళ్ళుగా ఆశపడుతున్నాం. ఈ కథ మీకెక్కడ దొరికింది, మస్యూ?”

“దాచడానికేముంది? అప్పట్లో పేపర్లో పడ్డ రెండు లైన్ల వార్త. రెనే, పంతొమ్మిదేళ్ళు, రేవులో కనబడకుండా పోయారని. నాకు తెలిసింది అంతే, మిగతాదంతా కల్పన.”

“ఆ పేపరు ముక్క నా దగ్గరుంది. ఇదేనా?”

“ఇదే, ఇదే.”

“నిదానంగా చదవండి. రెనే అని మగవాళ్ళకీ పెడతారు, ఆడపిల్ల పేరైతే చివర ఇంకో అక్షరం రాయాలి కదా. పలకం గానీ రాస్తాం. వార్త అచ్చు వేసేటప్పుడు అది ఎగిరిపోయింది. పేపరు చదివినవాళ్ళంతా రేవులో కుర్రాడి కోసం వెతికారు.”

“అయితే?”

“పోయింది ఆడపిల్లని మీకెవరు చెప్పారు?”

ఆయన తొందరేమీ లేకుండా కలానికి మూత పెట్టాడు.

“మీరు ఒక్కరే వచ్చారా, మదామ్?”