సెగ తగలని అద్దం

దవాఖాన వరండాలో లక్కగాజులు చేసే లాల్ బీ దగ్గుతూ కూర్చుంది. తెమడ పరీక్ష చేసే అమరేందర్ ఆమె మొహం చూడలేక, ఆమె చేతిలోని తెమడ డబ్బీ వైపు చూస్తూ మాట మొదలుపెట్టాడు.

"మూడు నెలల కింద నీకు టీబీ లేదని రాసిచ్చిన గదమ్మా. అది తప్పు. నీకుంది."

"అప్పుడు కనబడని పురుగు ఇప్పుడెట్ల కనబడ్డది సారూ?"

"అప్పుడు గూడ ఉండె. దాని ఒంటి చుట్టు మైనమసొంటి కొవ్వు పొర ఉంటది. రంగును లోపలికి పోనియ్యది. అద్దం ముక్క మీద తెమడ పూసి, రంగు పోసి, ఆవిరి లేచేదాంక కింద మంట పెట్టాలె. అప్పుడే రంగు లోపలికి పోయి పురుగు ఎర్రగ కనబడ్తది."

"మంట పెట్టలేదా?"

"బస్సు పోతదని పెట్టలే. నిన్న నీ దగ్గు ఇని అనుమానమొచ్చింది. పాత అద్దం తీసి మళ్ల కాచిన. అంత ఎర్రగనే ఉంది."

లాల్ బీ తన వేళ్ల మీది కాలిన మచ్చలను చూసుకుంది.

"లక్క గూడ గంతే. సెగ తగలకుంటే రంగు పట్టదు. నలభై ఏండ్ల సంది ఒక్క గాజుకు గూడ నేను తొందరపడలే."

"మందులు ఇయ్యాల్నే మొదలుపెడ్దాం, నయమైతది. ఆ డబ్బీ ఇటియ్యమ్మా, నీ తెమడ మళ్లొకసారి చూస్త."

"ఇది నాది గాదు. నాకేం లేదని నువ్వు రాసిస్తే, మనుమరాలిని మూడు నెలలు నా పక్కలనే పండబెట్టుకున్న. ఇప్పుడు దానికి గూడ దగ్గు పట్టింది. ఇది దానిది."

అమరేందర్ రెండు చేతులతో డబ్బీ అందుకున్నాడు.

"దీన్నన్న జర కాచు, బేటా."